చంద్రుడి దాకా నేను తోలిన బండి

రెండు వేల ఇరవై మూడు ఆగస్టులో మన చంద్రయాన్ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిందంటే, దాన్ని అక్కడిదాకా తోలినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నమ్మకపోతే మీ ఇష్టం. శ్రీహరికోటలో ముప్పై ఒక్కేళ్లు పనిచేశాను. అక్కడి పెద్ద పెద్ద ఇంజనీర్లంతా పొద్దున లేస్తే నా కోసమే ఎదురు చూసేవాళ్లు. నేను కదిలితేనే అక్కడ పని మొదలయ్యేది.

చంద్రయాన్ దిగిన ఆ నెలంతా నేనూ మా ఆవిడ రుక్మిణీ న్యూజీలాండ్‌లో ఉన్నాం. మా చెల్లెలి కూతురు సుజాత చదువుకోవడానికని వెళ్లి, అక్కడే ఫిజియోథెరపిస్టుగా సెటిల్ అయింది. హామిల్టన్ ఊళ్లో రోటోటూనా అనే పేటలో ఇల్లు. "మావయ్యా, డెబ్బై దాటాయి నీకు. ఇంకెప్పుడొస్తావు?" అని తనే టికెట్లు తీసింది. వెళ్లొచ్చినవాణ్ణి ఊరికే ఎలా కూర్చుంటాను? చూసింది చూసినట్టు రాస్తున్నాను. చూడనిది కూడా అక్కడక్కడా పడుతుంది, సర్దుకోండి.

విమానాశ్రయంలో తేనె సీసా

ఆ దేశంలో అడుగు పెట్టేముందు సంచుల్లో ఉన్న తిండంతా ఒప్పుకోవాలి. మా సూళ్లూరుపేట నుంచి రుక్మిణి తెచ్చినవి కారప్పొడి, గోంగూర పచ్చడి, ఎండు మెత్తళ్ల చేపలు, సుజాత కూతురి కోసం ఒక సీసా అడవి తేనె. అన్నీ బల్ల మీద వరసగా పెట్టింది, బొమ్మల కొలువులాగా. అక్కడున్న అధికారిణి ఒక్కొక్కటీ చూసి పక్కన పెట్టి, తేనె దగ్గర ఆగింది. బయటి తేనె వస్తే వాళ్ల తేనెటీగలకు జబ్బులొస్తాయట. అది మాత్రం లోపలికి రాకూడదంది.

రుక్మిణి ముఖం చిన్నబోయింది. అది చూడలేక నేను ముందుకొచ్చి, నాకొచ్చిన ఇంగ్లీషులో, "మేడం, నేను రాకెట్లలో పనిచేసి రిటైరయ్యాను. మన ఇద్దరివీ బాధ్యత గల ఉద్యోగాలే" అన్నాను.

ఆవిడ నవ్వి, "చాలా సంతోషం సార్. రాకెట్లవాళ్ల తేనెకు కూడా ఇదే రూలు" అంది. సీసా డబ్బాలో పడింది.

బోటనీ డౌన్స్‌లో చలి

మొదటి వారం ఆక్లాండ్ తూర్పున బోటనీ డౌన్స్‌లో, సుజాత స్నేహితురాలి ఇంట్లో దిగాం. ఆగస్టంటే వాళ్లకు చలికాలం. చలి బయట ఎంతో ఇంట్లోనూ అంతే. మన దగ్గర ఎండ నుంచి పారిపోయి ఇంట్లోకి వస్తాం. అక్కడ మధ్యాహ్నం పూట వెచ్చదనం కోసం జనం బయటికొచ్చి గోడకు ఆనుకుంటారు. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని నేను వణుకుతుంటే, పెద్ద షాపింగ్ సెంటర్లో ఓ యాభై ఏళ్ల పెద్దమనిషి నిక్కరుతో, చెప్పుల్లేకుండా, పాలడబ్బా పట్టుకుని తిరుగుతున్నాడు. చెప్పులు ఎవరో ఎత్తుకుపోయారేమో అని జాలిపడ్డాను. ఆ తర్వాత అలాంటివాళ్లు ఇంకో నలుగురు కనిపించారు. అది వాళ్ల అలవాటట.

ధరలు చెప్పమంటారా? కాలీఫ్లవర్ పువ్వు ఒకటి ఏడు డాలర్లు. గుప్పెడు కరివేపాకు నాలుగు. "ఇంటి వెనక చెట్టు కొట్టేస్తానంటే వద్దన్నాను, గుర్తుందా?" అని రుక్మిణి అక్కడ కూడా నన్ను వదల్లేదు. చిలగడదుంపను కుమరా అంటారు. మనలాగే కాలుస్తారు, ఉడకబెడతారు. దాన్ని తిన్నప్పుడు మాత్రం ఆ దేశం మనకు చుట్టమే అనిపించింది.

సాయంత్రాలు టీవీ చూసేవాళ్లం. హవాయి దీవిలో ఒక ఊరు ఊరంతా కాలిపోయిందని ఆ వారమంతా చూపించారు. సముద్రం పక్కనే ఉండి, నీళ్లున్నా ఆర్పుకోలేకపోయిన ఊరు. రుక్మిణి చూడలేక లేచి వెళ్లేది. ఛానెల్ మారిస్తే ఆడపిల్లల ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు. అది మారిస్తే మన చంద్రయాన్. అది వచ్చినప్పుడల్లా నేను కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చునేవాణ్ణి.

బస్సులో సిటీ సెంటర్‌కి

మంగళవారం ఆక్లాండ్ నగరం చూడబోయాం. ఆ రాత్రే స్పెయిన్, స్వీడన్ అమ్మాయిల సెమీఫైనల్. వీధుల నిండా పసుపు చొక్కాల స్వీడన్ వాళ్లు, చెంపల మీద జెండా రంగులు. నాకు ఒకామె రంగు పుయ్యబోయింది. "మేము ఇండియా" అన్నాను. "మీరు ఆడట్లేదుగా, మాకివ్వండి మీ చప్పట్లు" అంది. ఇచ్చాను. ఆ రాత్రి స్వీడన్ ఓడింది. నా చప్పట్ల వల్ల కాదని మనవి.

కానీ ఆ రోజు నాకు గుర్తుండేది ఫుట్‌బాల్ కాదు, మమ్మల్ని తిరిగి తీసుకొచ్చిన బస్సు. ముందు సీట్లో కూర్చున్నాం. ఒక స్టాపులో టైము కోసం బండి ఆగి ఉంటే, రుక్మిణి నన్ను మఫ్లరు విషయంలో తిడుతోంది. డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు.

"అంకుల్, తెలుగోళ్లా? మాది నల్గొండ. నవీన్ నా పేరు."

ఎమ్మెస్ చదువుదామని వచ్చాడట. చదివాడు, కొన్నాళ్లు కొట్లో పనిచేశాడు, తర్వాత బస్సు లైసెన్సు తెచ్చుకున్నాడు.

"ఇంట్లో తెలుసా బాబూ, నువ్వు బస్సు నడుపుతున్నట్టు?" అన్నాను, గొంతు తగ్గించి.

"ఎందుకు తెల్వది? మా నాయనకు వీడియో కాల్‌ల స్టీరింగ్ చూపెట్టిన. ఆయన గల్లీల ఉన్నోళ్లందర్నీ పిల్చి చూపెట్టిండు. మీరేం జేసేటోళ్లు అంకుల్?"

"రాకెట్లు" అన్నాను.

రుక్మిణి కిటికీ వైపు తిరిగిపోయింది.

బండి కదిలింది. అప్పుడు గమనించాను. దిగే ప్రతివాడూ, బడిపిల్ల మొదలుకొని కర్ర పట్టుకున్న ముసలాయన దాకా, మెట్టు మీద ఆగి "థాంక్యూ డ్రైవర్" అని దిగుతున్నాడు. వెనక తలుపు నుంచి దిగేవాళ్లు ముందుకు వినపడేలా అరుస్తున్నారు. నవీన్ ప్రతివాడికీ చెయ్యి ఎత్తుతున్నాడు. మా స్టాపు వచ్చింది. రుక్మిణి, "థాంక్యూ నాయనా, జాగ్రత్త" అని దిగింది. నేను మాత్రం ఆ మాట అనకుండా ఊరికే దిగిపోయాను.

ఇక దాచి లాభం లేదు. నేను బస్సు డ్రైవర్ని.

శ్రీహరికోట ఉద్యోగుల బస్సు నాది. సూళ్లూరుపేటలో పొద్దున్నే ఎక్కించుకుని, పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డు మీదుగా దీవిలోకి తీసుకెళ్లి, సాయంత్రం వెనక్కి తెచ్చేవాణ్ణి. రెండు పక్కలా నీళ్లు. సీజన్‌లో ఫ్లెమింగోలు గుంపులుగా దిగి ఉండేవి. ఉప్పుగాలికి అద్దం తెల్లగా పొర కట్టేది. రోజూ పాత పేపరు తడిపి తుడిచేవాణ్ణి. రాకెట్టు ఎగిరే రోజున మనుషుల్ని దించేసి, డ్రైవర్లమంతా దూరంగా షెడ్డు దగ్గర నిలబడేవాళ్లం. మైకులో అంకెలు వెనక్కి వినిపించేవి. చెట్ల మీదుగా పొగ లేచాకే మాకు కనపడేది. చంద్రయాన్ మొదటిది వెళ్లినప్పుడు నేను డ్యూటీలోనే ఉన్నాను. ఈ మూడోది వెళ్లేనాటికి నేను రిటైరై చాలా ఏళ్లయింది. ఇంజనీర్లు నా కోసం ఎదురు చూసేవాళ్లన్నది మాత్రం అక్షరాలా నిజం. బస్టాపులో.

ముప్పై ఒక్కేళ్లలో నన్ను తిట్టినవాళ్లున్నారు, పండక్కి స్వీటు పెట్టినవాళ్లున్నారు. దిగేటప్పుడు ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అది తప్పని కాదు, మన దగ్గర ఆ వాడుక లేదు. కానీ ఒక బస్సు డ్రైవరు, తన పనిని చక్కగా చెప్పుకున్న కుర్రాడు, నన్ను అడిగితే నేను రాకెట్లు అన్నానే! ఆ మాట రెండు రోజులు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

రోటోటూనాలో ఫ్రిజ్ మీద కాగితం

గురువారం రోటోటూనా చేరాం. కొత్త ఇళ్ల పేట. అన్నీ ఒకే రంగు. మొదటి సాయంత్రమే నేను నడకకు పోయి, పక్కవాళ్ల గ్యారేజీలోకి నడిచాను. వీధి చివరి కొట్టును డెయిరీ అంటారు. అందులో పాలు ఒక మూలనుంటే చాక్లెట్లు మూడు మూలలా ఉంటాయి.

సుజాత కూతురు సహనకు పదేళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు సగం ఇంగ్లీషు. ఇంట్లో అడుగు పెట్టగానే నన్ను లాక్కెళ్లి ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూపించింది.

"తాతయ్యా, నా పెపెహా! నెక్స్ట్ థర్స్‌డే క్లాసులో చెప్పాలి. పేరెంట్స్ కూడా వస్తారు."

పెపెహా అంటే మావోరీల పద్ధతిలో తనను తాను చెప్పుకోవడం. ముందు నీ కొండ ఏది, నీ ఏరు ఏది, నీ వాకా ఏది, అంటే నీ పెద్దలు వచ్చిన పడవ ఏది, ఇవన్నీ చెప్పి, పేరు అన్నిటికంటే చివర చెప్తారు. మనం పేరు, ఉద్యోగం, జీతం, సొంత ఇల్లా అద్దెదా అని మొదలుపెడతాం కదా, వాళ్లు తలకిందులు. బళ్లో పిల్లలందరికీ నేర్పిస్తారు.

సహన కాగితంలో కొండ, వెలిగొండ. ఏరు, మా కాళంగి. వాకా దగ్గర ఎర్రరంగుతో పెద్ద రాకెట్టు బొమ్మ.

"పోయినేడు ఎయిట్ కిడ్స్ ఏరోప్లేన్ అన్నారు తాతయ్యా. సో బోరింగ్. ఈసారి నాది ఎవరికీ లేదు. నువ్వు ఫోన్లో చెప్పావు కదా, రాకెట్ డ్రైవ్ చేశానని!"

చెప్పాను. వీడియో కాల్‌లో, రెండేళ్ల కింద, అన్నం తిననని మారాం చేస్తుంటే. ఆ పిల్ల మరచిపోలేదు.

ఆ రాత్రి గిన్నెలు తుడుస్తూ సుజాత అంది: "మావయ్యా, నేను దానికేమీ చెప్పలేదు, చెప్పను కూడా. వాళ్ల టీచర్‌కి పెపెహా అంటే ప్రాణం. అందరి ముందూ అది అబద్ధం చెప్తే, రేపు తెలిస్తే, ఆ క్లాసులో దాని మాట ఇంకెవరు నమ్ముతారు? నువ్వు ఎక్కించింది నువ్వే దించు."

"దించుతాలే. వారం ఉంది కదా" అన్నాను.

రోటోరువాలో ఉడికిన కండె

శని, ఆదివారాలు రోటోరువా వెళ్లాం. దారిలో పెట్రోలు బంకులో పై అనే పదార్థం కొనుక్కున్నాను. పైన గట్టి పిండి, లోపల కుతకుతలాడే ఖీమా. మన సమోసాలాగా కొరికాను. ఖీమా చొక్కా మీదుగా ఒళ్లోకి దిగింది. వాళ్లు దాన్ని ఊదుకుంటూ అంచు నుంచి తింటారట. ఎవరూ ముందు చెప్పరు.

రోటోరువాలో నేలలోంచే ఆవిరి వస్తుంది. ఊరంతా గంధకం వాసన. మరిగే మడుగులో మొక్కజొన్న కండెల్ని సంచిలో కట్టి ముంచి, ఉడికాక అమ్ముతున్న ఒక మావోరీ పెద్దావిడ దగ్గర నిలబడ్డాం. పొయ్యి లేదు, గ్యాసు లేదు. రుక్మిణి ఈర్ష్యగా చూసింది. మాటల్లో నేను పెపెహా సంగతి ఎత్తాను, ఎవరి గురించో అన్నట్టు.

"వాకా కొంచెం పెద్దది చేసి చెప్తే ఏమవుతుందమ్మా?" అన్నాను.

ఆవిడ కండెకు వెన్న రాస్తూ, "ఎవరిదో పడవ నాదని చెప్తే, నా వాళ్లు ఎక్కొచ్చిన పడవ ఎవరిదవుతుంది? అది దిక్కులేనిదైపోదూ?" అంది. రుక్మిణి నావైపు చూడనేలేదు. చూడకపోవడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

సోమవారం వార్తలు

సోమవారం పొద్దున టీవీలో రెండు వార్తలు. స్పెయిన్ అమ్మాయిలు కప్పు గెలిచారు. రష్యావాళ్ల ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది.

సహన పాలగ్లాసు అలాగే పట్టుకుని నిలబడింది. "మనదీ పడిపోతే? క్లాసులో అందరూ నవ్వుతారు. నా వాకా బ్రోకెన్ అవుతుంది తాతయ్యా."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నేనేం చెప్పానో తెలుసా? "మనది పడదు. నేను చెప్తున్నాగా" అన్నాను. బస్సు డ్రైవరు చంద్రుడికి హామీ ఇచ్చాడు.

చంద్రయాన్ దిగిన రాత్రి

మన సాయంత్రం ఆరు దాటితే వాళ్లకు అర్ధరాత్రి దాటుతుంది. బుధవారం రాత్రి హాల్లో పరుపులు పరిచి నలుగురం టీవీ ముందు కూర్చున్నాం. సుజాత పకోడీలు వేసింది. సహన నా ఒళ్లో తల పెట్టుకుంది. తెరమీద ఎత్తు తగ్గుతున్న గీత. నాకు మాత్రం షెడ్డు దగ్గర మైకు వినపడుతోంది. టీవీలో చూపిస్తున్న కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లలో ఒక్క ముఖమైనా నా బస్సు ఎక్కిన ముఖం ఉంటుందేమో అని వెతికాను. గీత కింది దాకా వచ్చింది, ఆగింది. తెరమీద అందరూ లేచారు. నేను లేవలేదు. ఏడుస్తున్నాను. గర్వంతో వచ్చిన ఏడుపు అది, అందులో ఎచ్చు ఏమీ లేదు. నా దేశం ఎవరూ దిగని చోట దిగింది. అది ఎగిరిన దీవిలోకి పోయే దారి నాకు గుంట గుంటా తెలుసు.

అప్పుడే ధైర్యం వచ్చింది. ఒళ్లో పిల్ల చెవిలో మెల్లగా మొత్తం చెప్పేశాను. రాకెట్టు కాదమ్మా, బస్సు అని.

"చెప్పేశాను" అన్నాను రుక్మిణితో, బరువు దించుకున్నవాడిలా.

"గీత కిందికి రాకముందే నిద్రపొయ్యింది ఆ బిడ్డ. నిద్రపొయ్యేవాళ్లకు చెప్తే చెప్పినట్టా?" అంది.

బడి ముందు కారులో

గురువారం పొద్దున బడి దగ్గర కారు ఆగింది. ఇంకో పావుగంట ఉంది. సహన కాగితం గుండెకు పెట్టుకుని మెరిసిపోతోంది. "మన వాకా మూన్ మీద ఉంది!" అని దారంతా అదే పాట. సుజాత ఇంజను ఆపి, అద్దంలో నన్ను చూసింది.

"సహనా, నేను రాకెట్టు నడపలేదమ్మా" అన్నాను. "బస్సు నడిపాను. రాకెట్లు చేసేవాళ్లను తీసుకెళ్లే బస్సు."

ఆ పిల్ల నవ్వింది, జోక్ అనుకుని. మళ్లీ నా ముఖం చూసింది. నవ్వు పోయింది.

"యూ సెడ్ రాకెట్."

"అన్నాను. తప్పు."

"నేను డ్రా చేసేశాను. అందరికీ చెప్పేశాను." కళ్లలో నీళ్లు. కాసేపు కిటికీలోంచి చూసింది, అచ్చం మా రుక్మిణిలాగే. నాకు ఆ కారులోంచి దిగి నడిచి సూళ్లూరుపేట పోదామనిపించింది.

తర్వాత, నావైపు తిరక్కుండానే అడిగింది. "ఎలాంటి బస్?"

యాభై రెండు సీట్లు. సరస్సు మధ్యలో రోడ్డు. ఫ్లెమింగోలు. అద్దం మీద ఉప్పు. చెప్పాను.

"ఫ్లెమింగోలా? రియల్?"

"ఇది రియల్."

"దిగేటప్పుడు వాళ్లు థాంక్యూ డ్రైవర్ అనేవాళ్లా?"

"లేదమ్మా. మన దగ్గర అనరు."

ఆమె సంచిలోంచి నల్ల పెన్ను తీసింది. కాగితాన్ని అడ్డంగా తిప్పింది. పడుకున్న రాకెట్టుకు కింద రెండు చక్రాలు గీసింది, పొట్ట మీద వరసగా కిటికీలు. ఒక్కో కిటికీలో ఒక్కో తల. ముందు కిటికీలో మఫ్లరు కట్టుకున్న తల. చెప్తే నమ్మరు, రాకెట్టును పడుకోబెడితే అది బస్సే.

తరగతిలో

నేనూ రుక్మిణీ సుజాతా వెనక వరసలో కూర్చున్నాం. టీచర్ పేరు మేరే. మావోరీ ఆవిడ. హవాయివాళ్లు మా దాయాదులే, ఒకే సముద్రం మీద పడవల్లో విడిపోయినవాళ్లం అంటూ, కాలిపోయిన ఊరిని తలుచుకుని మొదలుపెట్టింది. తర్వాత ఇండియాకు చప్పట్లు కొట్టించింది. అవి కూడా నేనే తీసుకున్నాను.

సహన లేచింది. కొండ చెప్పింది. ఏరు చెప్పింది. వాకా దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మావోరీలో పహి అంది, అంటే బస్సు. తర్వాత ఇంగ్లీషులో: "ఇది మా తాతయ్య బస్సు. రాకెట్లు చేసేవాళ్లు దీన్ని ఎక్కి సరస్సు దాటేవాళ్లు. రోజూ సాయంత్రం అందరినీ ఇంటికి తెచ్చేది. రాకెట్ అని నేను మీకు ముందు చెప్పింది తప్పు." చివర తన పేరు చెప్పింది.

మేరే నావైపు తిరిగి, "ఎన్నేళ్లు?" అని అడిగింది. లేచి నిలబడ్డాను. "ముప్పై ఒకటి" అన్నాను. నడుము వంగలేదు.

అప్పుడు జరిగింది చెప్తాను వినండి. తరగతి తరగతంతా ఒక్కసారి లేచింది. ఇరవై ఎనిమిది గొంతులు, పైకప్పు అదిరేలా, "థాంక్యూ డ్రైవర్!" అన్నాయి. ముప్పై ఒక్కేళ్ల బాకీ ఒక్క కేకలో తీరిపోయింది.

ఇంటికొచ్చాక

తిరుగు ప్రయాణానికి ముందు ఆక్లాండ్‌లో మూడు సార్లు అదే బస్సు ఎక్కాను. నవీన్ కనపడలేదు. మూడు సార్లూ వేరే డ్రైవర్లకు గట్టిగా థాంక్యూ చెప్పి దిగాను. ఆ నెలాఖరున మన బల్లెం విసిరే కుర్రాడు ప్రపంచ పోటీల్లో బంగారం కొట్టాడు. మన చదరంగం పిల్లవాడు ఫైనల్లో ఓడిపోయాడు. మొదటిదాన్ని అక్కడున్న అందరికీ చెప్పాను. రెండోదాన్ని ఎవరూ అడగలేదు.

ఇదంతా రాసి, నిన్న సాయంత్రం రుక్మిణికి చదివి వినిపించాను. చిక్కుడుకాయలు గిల్లుతా చివరిదాకా వినింది. తేనె దగ్గర నిట్టూర్చింది, ఖీమా పై దగ్గర నవ్వింది. తరగతి దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆపింది.

"క్లాసంతా ఎక్కడ లేచిందండీ? ఆ పిల్లకాయలు ఎవరి కాగితం వాళ్లు చూసుకుంటా ఉండారు. ఒక్క గొంతే అన్నది ఆ మాట. అది మన సహనది."